వీధి అంచున నిలిపిన బండి

సభకు నమస్కారం.

1935 జూలై 16న అమెరికాలోని ఓక్లహోమా సిటీలో మొట్టమొదటి పార్కింగ్ మీటరు పని మొదలుపెట్టింది. రుసుము గంటకు అయిదు సెంట్లు. దుకాణాల్లోనూ ఆఫీసుల్లోనూ పనిచేసేవారే పొద్దున్నే వచ్చి బండ్లు వీధి పక్కన పెట్టేస్తే సాయంత్రం దాకా అవి కదిలేవి కావు. కొనుగోలుకు వచ్చినవారికి చోటు దొరికేది కాదు. ఈ చిక్కు విప్పమని అక్కడి వర్తక సంఘం కార్ల్ మగీ అనే పత్రికా సంపాదకుడికి అప్పగిస్తే, ఆయన ఆలోచనలోంచి ఆ యంత్రం పుట్టింది. ఒకరు ఖాళీ చేసిన చోటు మరొకరికి దక్కాలన్నదే దాని ఉద్దేశం. పార్కింగ్ నిఘాను నేను ఆ కొలతతోనే చూస్తాను.

ఇక వీధిలో తిరిగే ఉద్యోగి పని చూద్దాం. గంటకు మించి నిలపకూడదన్న చోట బండి గంటన్నరగా కదల్లేదని రుజువు చేయడమెలా? పాత పద్ధతి సుద్దముక్క: టైరు మీద గీత గీసి, గడువు దాటాక వచ్చి, గీత అక్కడే ఉందో లేదో చూడటం. బ్రిటన్‌లో అయితే చక్రానికి గాలి కొట్టే వాల్వు ఎటువైపు ఉందో గడియారపు ముల్లును చదివినట్టు రాసుకుంటారు. ముందు చక్రం వాల్వు మూడు దగ్గర, వెనుక చక్రానిది ఎనిమిది దగ్గర ఉందనుకోండి; బండి ఒక చుట్టు తిరిగొచ్చి అదే చోట ఆగినా, రెండు వాల్వులూ మళ్లీ అవే స్థానాల్లో నిలవడం చాలా అరుదు. ఖర్చు లేని ఈ ఉపాయం నాకు ఎంతో నచ్చుతుంది. సుద్దగీతకు మాత్రం కోర్టు గండం తప్పలేదు: మిషిగన్ రాష్ట్రంలోని సాగినా నగరం మీద వచ్చిన దావాలో, టైరుపై గీత గీయడం కూడా రాజ్యాంగం దృష్టిలో సోదాయేనని 2019లో ఫెడరల్ అప్పీలు కోర్టు తేల్చింది.

చలానా మొత్తం పెంచితే జనం దారికొస్తారన్న నమ్మకం అధికారుల్లో బలంగా ఉంటుంది. నాకు ఆ నమ్మకం లేదు. న్యూయార్క్‌లోని విదేశీ దౌత్యవేత్తలపై స్థానిక చట్టం కింద చర్య తీసుకోకుండా దౌత్య రక్షణ ఉన్నందున, 1997 నుంచి 2002 వరకు వారు కట్టకుండా వదిలేసిన చలానాలు లక్షన్నర దాటాయి. నార్వే, స్వీడన్ దౌత్యవేత్తల పేరిట ఒక్క బకాయి కూడా లేదన్నది అందరూ ముచ్చటగా చెప్పుకునే విషయం. నగరపాలకులకు పనికొచ్చేది దాని తరువాతి సంగతి: బకాయిలుంటే దౌత్య నంబరు ప్లేటు వెనక్కి తీసుకునే అధికారం 2002 చివర్లో నగరానికి వచ్చింది, ఉల్లంఘనలు దాదాపు 98 శాతం పడిపోయాయి. చలానా మొత్తం మారనక్కర్లేకపోయింది, వసూలు తప్పదని తెలిస్తే చాలింది.

డబ్బు ఎటు పోతుందన్న ప్రశ్న ఇంతకంటే చిక్కయినది. 1991 నాటి చట్టంతో లండన్‌లో పార్కింగ్ తప్పిదాలను చాలావరకు నేరాల జాబితాలోంచి తీసి, పోలీసుల చేతినుంచి స్థానిక కౌన్సిళ్లకు అప్పగించారు. జరిమానా రాసేవారికే డబ్బు చేరితే చలానాలు ఎందుకు పెరుగుతాయో చెప్పనక్కర్లేదు; అందుకే మిగులు సొమ్మును రవాణా పనులకే వాడాలన్న కట్టడి చట్టంలో ఉంది. ఆదాయం కోసమని స్థానిక నివాసుల పార్కింగ్ పర్మిట్ల రుసుము పెంచిన లండన్‌లోని బార్నెట్ కౌన్సిల్ చర్య చట్టవిరుద్ధమని 2013లో హైకోర్టు చెప్పింది కూడా. షికాగోది మరో దారి: 2008లో తన మీటర్లను 115 కోట్ల డాలర్లకు 75 ఏళ్లపాటు ప్రైవేటు వారికి కౌలుకిచ్చింది. ఇప్పుడు ఏదైనా పనికి వీధి మూసి మీటర్లు ఆపేస్తే, పోయిన ఆదాయాన్ని ఆ కంపెనీకి నగరమే భర్తీ చేయాల్సి వస్తోంది. తన వీధి మీద తనకే అధికారం లేకుండా చేసుకున్న బేరం అది.

చివరగా అప్పీలు గురించి. లండన్‌లో చలానా అందుకున్నవారు కౌన్సిల్‌తో వాదించి ఫలితం లేకపోతే స్వతంత్ర న్యాయనిర్ణేత దగ్గరికి వెళ్లవచ్చు. అక్కడ తరచూ తేలేది డ్రైవరు గుణం కాదు, బోర్డు స్థితి: కొమ్మల చాటున పడిందా, రోడ్డు మీది గీతలు అరిగిపోయాయా, సమయాలు చదవగలిగేలా ఉన్నాయా? అలా రద్దయిన చలానాను ఆదాయ నష్టం కింద రాసి పక్కన పడేయకుండా, ఆ ఉత్తర్వు ప్రతిని గీతలు వేసే విభాగానికి పంపితే, మరుసటి వారం ఎక్కడికి రంగు డబ్బా మోసుకెళ్లాలో వారికి తెలుస్తుంది.