180 వాట్ల కార్డు, 600 వీఏ యూపీఎస్: గ్రాఫిక్స్ కార్డు కొనేముందు వేయాల్సిన లెక్కలు

నమస్కారం అండి. బెంచి మీద రెండు గ్రాఫిక్స్ కార్డులున్నాయి. ఎడమ పక్కది ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, 16 జీబీ. కుడి పక్కది ఏఎండీ ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ, అదీ 16 జీబీయే. మొదటిది 2025 ఏప్రిల్‌లో 429 డాలర్లకి, రెండోది అదే ఏడాది జూన్‌లో 349 డాలర్లకి వచ్చాయి. ఆ డాలర్లని రూపాయల్లోకి మార్చుకుని చెన్నై రిచీ స్ట్రీట్‌కి వెళ్తే మాత్రం దెబ్బ తింటారు. 18 శాతం జీఎస్టీ ఉంది, దిగుమతి చేసేవాళ్ల లాభం ఉంది, ఆ వారం సరుకు ఎంత దిగిందన్నది ఇంకొకటి. అందుకని ధరలు నేను చెప్పను. దుకాణం ముందు నిలబడి ఫోన్లో కాలిక్యులేటర్ తీసి మీరే వేసుకునే లెక్క చెబుతాను.

ఈ రెండింటి మీద ఎప్పుడూ వినిపించే వాదన ఒకటుంది. "ఎన్విడియా తీసుకో, కరెంటు తక్కువ తాగుతుంది, ధరలో తేడా ఈబీ (కరెంటు) బిల్లులో వచ్చేస్తుంది" అని. కాగితం మీద చూస్తే 5060 టీఐ 180 వాట్లు, 9060 ఎక్స్‌టీ 16 జీబీ 160 వాట్లు. అంటే ఆ వాదన మొదటి మెట్టు మీదే జారిపోయింది. కంపెనీలు ఓవర్‌క్లాక్ చేసి (వేగం పెంచి) అమ్మే మోడళ్లలో 9060 ఎక్స్‌టీ ఇంకాస్త పైకి వెళ్తుంది కాబట్టి రెండూ దాదాపు ఒకచోటే తేలతాయి. బిల్లు సంగతి తర్వాత చూద్దాం. వాట్లు కాటు వేసేది అక్కడ కాదు.

ముందు మెమరీ. ఈ రెండు కార్డులకీ 8 జీబీ తమ్ముళ్లున్నారు. పేరు అదే, డబ్బా అదే, మూల చిన్న అక్షరాల్లో అంకె ఒక్కటే తేడా.

[తెర మీద: టాస్క్ మేనేజర్, పెర్ఫార్మెన్స్ ట్యాబ్, జీపీయూ గ్రాఫ్]

ఇక్కడ చూడండి. 8 జీబీ కార్డులో డెడికేటెడ్ జీపీయూ మెమరీ, అంటే కార్డు సొంత మెమరీ, 7.6 జీబీ దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోయింది. దాని కింద షేర్డ్ జీపీయూ మెమరీ గీత మెల్లగా లేస్తోంది. కార్డులో చోటు చాలక టెక్స్చర్లు (ఆటలో గోడలకీ నేలకీ అతికించే బొమ్మలు) మదర్‌బోర్డు మీది ర్యామ్‌లోకి పొర్లుతున్నాయన్నమాట. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకి వచ్చే ఫ్రేములు) చూస్తే ఏమీ తెలియదు. మలుపు తిరిగినప్పుడు, కొత్త ఏరియా లోడ్ అయినప్పుడు మాత్రం ఆట ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. కొన్ని గేములు ఇంకా తెలివిగా ఉంటాయి. బిగుసుకోవు, చడీచప్పుడు లేకుండా టెక్స్చర్ల నాణ్యత తగ్గించేస్తాయి. సెట్టింగ్ అల్ట్రాలోనే కనిపిస్తుంది, గోడ మీద రాతలు మాత్రం మసకగా ఉంటాయి. బెంచ్‌మార్క్ పట్టికలో ఇది ఎప్పటికీ దొరకదు.

పొర్లిన డేటా అంతా నడిచేది పీసీఐఈ దారిలో, అంటే కార్డుని బోర్డుకి కలిపే స్లాట్ దారిలో. 5060 టీఐకి ఆ దారిలో 8 లేన్లే ఉన్నాయి, 9060 ఎక్స్‌టీకి 16. కొత్త బోర్డులో ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు. బీ450 లాంటి పాత బోర్డు ఉందనుకోండి, అది పీసీఐఈ 3.0. దాంట్లో 8 లేన్లంటే సెకనుకి సుమారు 8 జీబీ. కార్డు మీది సొంత మెమరీ వేగం సెకనుకి 448 జీబీ. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆట ఎందుకు బిగుసుకుంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఇంకో ఉచ్చు ఉంది. మీ బోర్డు బీ550, 4.0 ఉందని ధైర్యంగా ఉంటారు. ప్రాసెసర్ రైజెన్ 5600జీ గానీ, 5500 గానీ అయితే ఆ స్లాట్ 3.0 గానే పనిచేస్తుంది, ఎందుకంటే ఆ చిప్పుల్లోనే 4.0 లేదు. మన దగ్గర 5600జీ ఎంతమంది కొన్నారో లెక్కలేదు. మొదట గ్రాఫిక్స్ కార్డు లేకుండా నడిపి తర్వాత వేసుకుందామని. మీరు వాళ్లలో ఒకరైతే 5060 టీఐ 8 జీబీ వైపు చూడనే వద్దు.

నా మాట సూటిగా: 1440పీ మానిటర్ ఉన్నవాళ్లకి నాలుగు డబ్బులు తక్కువొస్తుందని 8 జీబీ కొనడం పొదుపు కాదు. 1080పీలో ఆన్‌లైన్ షూటర్లు మాత్రమే ఆడేవాళ్ల సంగతి వేరు, వాళ్లకి 8 జీబీ చాలు, నడుస్తుంది.

ఇప్పుడు పనితీరు. మామూలు రాస్టర్ గేముల్లో (రే ట్రేసింగ్ లేనివి) 5060 టీఐ 16 జీబీ కొద్దిగా ముందుంటుంది, 5 శాతం అటూ ఇటూ. ఆటని బట్టి తారుమారవుతుంది కూడా. కాంతిని, నీడల్ని నిజంలా లెక్కగట్టే రే ట్రేసింగ్ బరువుగా ఉన్న గేముల్లో ఆ దూరం పెరుగుతుంది. బ్లెండర్ లాంటి పనులుంటే ఎన్విడియానే, అందులో చర్చ లేదు.

డబ్బా మీది ఎఫ్‌పీఎస్ అంకెల్ని నమ్మొద్దు. 50 సిరీస్‌లో మల్టీ ఫ్రేమ్ జనరేషన్ ఉంది: 4ఎక్స్ మోడ్‌లో కార్డు నిజంగా గీసిన ఒక్కో ఫ్రేముకి మూడు కల్పించి మధ్యలో ఇరికిస్తుంది. మీ మానిటర్ 100 హెర్ట్జ్‌ది, వీసింక్ (ఫ్రేముల్ని మానిటర్ రేటుకి కట్టేసే సెట్టింగ్) వేశారు, 4ఎక్స్ ఆన్ చేశారు. అప్పుడు కార్డు అసలుగా గీసేది 25 ఫ్రేములే, మౌస్‌కి స్పందించేది కూడా ఆ 25 లెక్కనే. కంటికి నున్నగా ఉంటుంది, చేతికి జిగురుగా ఉంటుంది. పోల్చేటప్పుడు రెండు కార్డుల్లోనూ ఫ్రేమ్ జనరేషన్ ఆపేసి కొలవండి. ముందు 60 నిజమైన ఫ్రేములు వస్తున్నాయా అని చూసి, ఆ తర్వాత కావాలంటే 2ఎక్స్ వేసుకోండి.

[తెర మీద: క్యాప్‌ఫ్రేమ్ఎక్స్]

ఫ్రేములు కొలవడానికి ఈ ప్రోగ్రాం చాలు, ఉచితం. క్యాప్చర్ సమయం 60 సెకన్లు పెట్టండి. గేములో ఒకే దారి, ఒకే చోటు నుంచి మొదలుపెట్టి ఎఫ్11 నొక్కి నడవండి. నాలుగు సార్లు చేయండి, మొదటిది పారేయండి. మొదటిసారి షేడర్లు (కార్డు మీద నడిచే చిన్న ప్రోగ్రాములు) తయారవుతూ ఉంటాయి, ఆ అంకె ఎప్పుడూ చెత్తగానే వస్తుంది. మిగిలిన మూడింట్లో సగటు ఒకటి, "వన్ పర్సెంట్ లో" అనే అంకె ఒకటి రాసుకోండి, అంటే అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం. సగటు 80 ఉండి వన్ పర్సెంట్ లో 30 ఉంటే ఆ కార్డు మీ చేతిలో 80 కార్డు కాదు.

ఇక విలువ. ధరని ఫ్రేములతో భాగిస్తే ఒక్కో ఫ్రేము ఎంత పడిందో వస్తుంది, ఇది అందరూ చేసేదే. లెక్క కోసం అంకెలు అనుకుందాం, మార్కెట్ ధరలు కావివి. మొదటి కార్డు 40,000, 70 ఫ్రేములు: ఫ్రేముకి 571 రూపాయలు. రెండోది 36,000, 66 ఫ్రేములు: 545. రెండోదే చవక, సరే. మీ దగ్గర పాత కార్డు ఒకటి ఉందనుకోండి, అదే గేములో 42 ఫ్రేములు ఇస్తోంది, అమ్మితే 12,000 వస్తుంది. అప్పుడు మొదటి దానికి మీ జేబులోంచి పోయేది 28,000, పెరిగేది 28 ఫ్రేములు. రెండో దానికి 24,000 పోతుంది, 24 ఫ్రేములు పెరుగుతాయి. రెండింట్లోనూ పెరిగిన ఫ్రేముకి సరిగ్గా వెయ్యి రూపాయలే! చవక అనుకున్నది చవక కాకుండా పోయింది. అప్‌గ్రేడ్ చేసేవాళ్లు వేయాల్సింది ఈ రెండో లెక్క. పాత కార్డు లేకపోతే మొదటిది చాలు.

ఇప్పుడు కరెంటు. చెన్నైలో రీడింగ్ రెండు నెలలకోసారి. ఇళ్లకి మొదటి కొన్ని యూనిట్లు ఉచితం, ఆ పైన శ్లాబు మారేకొద్దీ రేటు పెరుగుతుంది, 500 గీత దాటితే కింది యూనిట్ల మీద రాయితీ కూడా తగ్గుతుంది. కాబట్టి కార్డు కొత్తగా కాల్చే యూనిట్లు మీ సగటు రేటుకి పడవు, చివరి శ్లాబు రేటుకి పడతాయి. అద్దె ఇంట్లో సబ్‌మీటర్ అయితే ఓనరు చెప్పిందే రేటు. లెక్క తేలిక కోసం యూనిట్ 10 రూపాయలనుకుందాం. 180కి, 160కి మధ్య 20 వాట్లు. రోజుకి 3 గంటలు, 60 రోజులు, 180 గంటలు. 3.6 యూనిట్లు. రెండు నెలలకి 36 రూపాయలు! ఇంత వాదన దాని కోసం.

గేము ఆడనప్పటి కరెంటు ఇంతకంటే పెద్దది. ఓఎంఆర్ రోడ్డు మీది ఐటీ ఆఫీసుల పని ఇంటి నుంచి చేసేవాళ్లకి సాధారణంగా రెండు మానిటర్లు ఉంటాయి, ఒకటి 60 హెర్ట్జ్, ఒకటి 144. ఇలా రెండు రేట్లు కలిస్తే చాలాసార్లు కార్డు మెమరీ క్లాక్ కిందికి దిగదు. ఊరికే కూర్చున్నా 10 వాట్ల చోట 30 వాట్లు లాగుతుంది. రోజుకి 9 గంటలు, రెండు నెలల్లో 45 పనిదినాలు వేసుకుంటే 405 గంటలు, 8 యూనిట్లు. పైన లెక్కకి రెట్టింపు కంటే ఎక్కువ, అదీ ఏ ఆటా ఆడకుండానే. హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో అనే ప్రోగ్రాం తెరిచి డెస్క్‌టాప్ మీద మెమరీ క్లాక్ చూడండి. పైనే నిలబడిపోతే 144ని 120కి తగ్గించి చూడండి, 60కి అది సరిగ్గా రెట్టింపు కాబట్టి తరచుగా అక్కడే సర్దుకుంటుంది.

వాట్లు నిజంగా కాటు వేసేది ఇక్కడ.

[తెర మీద: యూపీఎస్ వెనక అతికించిన స్టిక్కర్, దగ్గరగా]

600 వీఏ అని పెద్దగా ఉంది. దాని కింద చూడండి, 360 వాట్లు. చాలా ఇళ్లలో ఉండేది ఈ సైజే. ఇప్పుడు కలపండి. కార్డు 180, ప్రాసెసర్ ఆటలో ఓ 70, బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లు కలిసి 50. మొత్తం 300. ఎస్ఎంపీఎస్ (పీసీ లోపలి పవర్ సప్లై) సామర్థ్యం 88 శాతం అనుకుంటే గోడ దగ్గర 340. మానిటర్ 30. 370 వాట్లు. యూపీఎస్ 360. కరెంటు ఉన్నంతసేపు ఏమీ తెలియదు. పోయిన మరుక్షణం బ్యాటరీ మీదికి మారి, కీచుమని అరిచి, మొత్తం ఆపేస్తుంది. అదే సిస్టంలో 115 వాట్ల ఆర్‌టీఎక్స్ 4060 ఉన్నప్పుడు గోడ దగ్గర మానిటర్‌తో కలిపి 300 లోపే ఉండేది, అందుకే ఇన్నాళ్లూ నడిచింది. కొత్త కార్డు పాడైపోయిందనుకుని దుకాణానికి మోసుకెళ్లేవాళ్లు ముందు ఈ కూడిక చేసుకోవాలి. కొత్త యూపీఎస్ కావాల్సి వస్తే దాని ఖరీదు కార్డు ధరలో కలిపి, ఇందాకటి ఫ్రేము లెక్క మళ్లీ వేయండి.

ఎస్ఎంపీఎస్ సంగతి పొట్టిగా. ఈ తరగతి కార్డులకి మంచి 550 వాట్లది సరిపోతుంది. స్లాట్ నుంచి 75 వాట్లు, ఒక 8 పిన్ కేబుల్ నుంచి 150 వాట్లు వస్తాయి. 8 పిన్ కేబుల్ లేదని పాత మోలెక్స్ తీగలకి కన్వర్టర్ తగిలించి నెట్టుకురావొద్దు, ఆ ప్లాస్టిక్ కరగొచ్చు. కొన్ని 5060 టీఐ మోడళ్లకి 16 పిన్ కనెక్టర్ ఉంటుంది, దాంతో వచ్చిన అడాప్టర్‌ని క్లిక్ మనేదాకా నొక్కండి, కనెక్టర్ పక్కనే తీగని మడత పెట్టొద్దు.

కొనేటప్పుడు: రిచీ స్ట్రీట్‌లోనైనా, పక్క నరసింగపురం వీధిలోనైనా బిల్లులో "5060 టీఐ" అని రాసి ఊరుకోనివ్వకండి. "16 జీబీ" అని, డబ్బా మీది సీరియల్ నంబరుతో సహా రాయించండి. డబ్బా తెరిచి కార్డు మీది నంబరు కూడా అక్కడే సరిచూడండి. "బిల్లు వద్దంటే తగ్గిస్తాను అన్నా" అన్నవాడికి నవ్వి దండం పెట్టి పక్క కొట్టుకి వెళ్లండి.

చివరిగా, ఇంటికి తెచ్చాక చేయాల్సిన పని. మే నెలలో ఏసీ లేని గదిలో 35 డిగ్రీలు ఉంటుంది, ఫ్యాన్లు హోరెత్తుతాయి. ఎన్విడియా అయితే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్ 85 శాతానికి లాగండి. 180లో 27 వాట్లు పోయి 153 అవుతుంది, ఫ్రేములు కొద్ది శాతమే తగ్గుతాయి. ఆ కొద్దిదీ వదులుకోవడం ఇష్టం లేకపోతే అండర్‌వోల్ట్ చేయండి, అంటే అదే క్లాక్‌ని తక్కువ వోల్టేజ్‌తో నడపడం: కంట్రోల్, ఎఫ్ నొక్కి వోల్టేజ్, క్లాక్‌ల కర్వ్ తెరవండి. 925 మిల్లీవోల్టుల చుక్కని పట్టుకుని 2,700 మెగాహెర్ట్జ్‌కి లేపండి, దాని కుడి పక్కవన్నీ అదే ఎత్తుకి చదును చేసి అప్లై కొట్టండి. ఇది మొదలుపెట్టే చోటు మాత్రమే, చిప్పుకీ చిప్పుకీ తేడా ఉంటుంది. ఏఎండీ అయితే దాని అడ్రినలిన్ సాఫ్ట్‌వేర్‌లో పెర్ఫార్మెన్స్, ట్యూనింగ్, కస్టమ్. వోల్టేజ్ ఆఫ్‌సెట్ మైనస్ 50 మిల్లీవోల్టులు పెట్టండి. ఇక్కడ ఒక మెలిక: ఏఎండీలో వోల్టేజ్ ఒక్కటే తగ్గిస్తే కార్డు ఆ మిగిలిన వాట్లతో క్లాక్ పెంచుకుంటుంది, కరెంటు తగ్గదు. పవర్ లిమిట్ కూడా మైనస్ 10 శాతం పెడితేనే తగ్గుతుంది.

బెంచ్‌మార్క్ అరగంట నడిచిందని సంబరపడొద్దు. అండర్‌వోల్ట్ తప్పితే బయటపడేది రే ట్రేసింగ్ ఉన్న గేములో, తెర నల్లబడి డ్రైవర్ టైమౌట్ అని సందేశం వస్తుంది. వస్తే ఎన్విడియాలో 2,700ని 30 తగ్గించండి, ఏఎండీలో మైనస్ 50ని మైనస్ 40కి తేండి, మళ్లీ ఆడండి. విండోస్ మొదలైనప్పుడే అప్లై అయ్యే టిక్కు మాత్రం వారం రోజులు ఏ టైమౌటూ రాకుండా గడిచాకే పెట్టుకోండి. ముందే పెడితే, సెట్టింగ్ చెడ్డదైనప్పుడు సిస్టం ఆన్ చేసిన ప్రతిసారీ అదే క్రాష్, దాన్ని తీసేయడానికి సేఫ్ మోడ్‌లోకి వెళ్లాల్సి వస్తుంది.