కోడి అరికాలిలో చీముగడ్డ: కత్తి పట్టే ముందు వినండి

నమస్కారం. పెరట్లో కోడి కుంటుతోందని పట్టుకుని కాలు తిప్పి చూస్తారు. అరికాలి మధ్యలో నల్లటి పెచ్చు, దాని చుట్టూ వాపు. ఇదే బంబుల్‌ఫుట్. చూడగానే చాలామంది బ్లేడు కోసం వెతుకుతారు. కాస్త ఆగండి.

మన ఒంటి మీద గడ్డకు గాటు పెడితే చీము కారిపోతుంది. కోడికి అలా కాదు. పక్షుల తెల్ల రక్తకణాలలో చీమును పలుచన చేసే ఎంజైములు సరిపడా ఉండవు. అందువల్ల అది గట్టిపడి జున్నుముక్కలా లోపలే ఉండిపోతుంది. గాటు పెట్టినా కారేదేమీ ఉండదు, కొత్త గాయం మాత్రం మిగులుతుంది. పైగా స్నాయువులు, రక్తనాళాలు చర్మానికి దగ్గరగానే ఉంటాయి. మత్తు ఇవ్వకుండా అక్కడ కోయడం క్రూరత్వమే, నా మాట కటువుగా అనిపించినా సరే.

వాపు చిన్నదై, కోడి బాగానే తింటూ ఉంటే నానబెట్టడంతో మొదలుపెట్టండి. ముందు చేతులకు గ్లవ్స్ వేసుకోండి. ఈ పుండ్లలో ఎక్కువగా కనిపించే స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియా మనకూ సోకగలదు. గోరువెచ్చని నీటిలో ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్ అనే లవణం, వంట ఉప్పు కాదు) కలిపి, కోడిని తువ్వాలులో చుట్టి, పాదాన్ని 10 నుంచి 15 నిమిషాలు ముంచి ఉంచండి. ఆ నీళ్లు తాగనివ్వకండి, విరేచనాలు పట్టుకుంటాయి. నానిన పెచ్చు తనంతట తాను వదిలితే తీసేయండి, వదలకపోతే లాగకండి. పాదం ఆరాక పోవిడోన్ అయోడిన్‌తో తుడిచి, యాంటీసెప్టిక్ మందు రాసి, గాజుగుడ్డ పెట్టి కట్టు కట్టండి. నొప్పి తెలియకుండా చేసే మందు కలిసిన ఆయింట్‌మెంట్లు మాత్రం వద్దు, పక్షులకు అవి ప్రమాదం. కట్టు బిగుసుకుంటే వేళ్లు ఉబ్బుతాయి, గమనిస్తూ ఉండండి.

రోజూ కట్టు మార్చాలి. నయం కావడానికి వారాలు పడుతుంది. ఓపిక లేనివారికి ఈ పద్ధతి పనికిరాదు.

యాంటీబయోటిక్ సొంతంగా వేయకండి. ఏ మందు, ఎన్ని రోజులు, ఆ తర్వాత గుడ్లు ఎప్పటి నుంచి తినవచ్చు అన్నది పశువైద్యుడే చెప్పాలి. వాపు కాలి పైకి పాకినా, పాదం వేడిగా ఉన్నా, కోడి మేత మానేసినా ఇంటి వైద్యం ఆపి ఆయన దగ్గరికే తీసుకెళ్లండి. ఇన్ఫెక్షన్ ఎముకకు చేరితే నానబెట్టడంతో పోదు.

ఇక గూడు సంగతి. కోళ్లు పడుకునే కర్ర ఎత్తుగా ఉంటే, దిగిన ప్రతిసారీ అరికాలికి దెబ్బే. దాన్ని మోకాలి ఎత్తుకు దించి, అంచులు నున్నగా చేయండి. కింద తడి లేకుండా చూడండి. కోడి బాగా లావెక్కి ఉంటే మేత కూడా సరిచూడాలి.

కట్టు కట్టడం అయ్యాక రెండో పాదాన్నీ తిప్పి చూడండి. కుంటే కోడి బరువంతా దాని మీదే మోపుతుంది, తరువాతి పుండు అక్కడే రావచ్చు.