ఏ గ్రూపు అన్న ప్రశ్నకు ముందు: మన హైస్కూలు సబ్జెక్టులను ఎలా అమర్చింది?

నమస్కారం. పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే చాలు, ఏ గ్రూపు తీసుకుంటున్నావని ఇంటికి వచ్చిన ప్రతివారూ పిల్లలను అడుగుతారు. పదిహేను, పదహారేళ్ల పిల్లలకు ఆ ప్రశ్న అంత బరువుగా ఎందుకు తోస్తుందో తెలియాలంటే, అంతకుముందు అయిదేళ్లు ఉన్నత పాఠశాల వారి చదువును ఎలా అమర్చిందో, అందులో వారు సొంతంగా ఎంచుకోగలిగింది ఎంతో ముందుగా చూడాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర సిలబస్ పాఠశాలలను దృష్టిలో పెట్టుకుని ఈ రోజు ఆ విషయమే మాట్లాడుకుందాం.

మన ఉన్నత పాఠశాలలో చదువు ఆరు సబ్జెక్టుల మీద నడుస్తుంది. ప్రథమ భాష, ద్వితీయ భాష, తృతీయ భాషగా ఇంగ్లీషు, ఆపైన గణితం, సామాన్య శాస్త్రం, సాంఘిక శాస్త్రం. మార్కుల మెమోలో సామాన్య శాస్త్రం ఒకటే వరుసలో కనిపించినా, పై తరగతుల్లో భౌతిక రసాయన శాస్త్రాలకు ఒక పుస్తకం, జీవశాస్త్రానికి మరొక పుస్తకం, ఇద్దరు వేర్వేరు ఉపాధ్యాయులు ఉంటారు. ఒకప్పుడు పదకొండు పేపర్లుగా సాగిన పదో తరగతి పరీక్షను తెలంగాణ 2022-23 నుంచి ఆరు పేపర్లకు తగ్గించింది. పేపర్ల లెక్క మారిందే గాని, సబ్జెక్టుల అమరిక మాత్రం అలాగే ఉంది.

ఈ ఆరింటిలో విద్యార్థికి ఎంపిక అంటూ ఉన్నది భాషల దగ్గరే. తెలుగు బదులు ఉర్దూ, హిందీ వంటి మరో భాషను ప్రథమ భాషగా తీసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో అయితే తెలుగుకు 70 మార్కులు, సంస్కృతానికి 30 మార్కులుగా ఉండే కాంపోజిట్ కోర్సు కూడా ఉంది. ద్వితీయ భాషగా ఎక్కువమంది చదివేది హిందీ. మిగిలిన సబ్జెక్టులలో 35 మార్కులు రావాల్సి ఉండగా ఆంధ్రప్రదేశ్‌లో హిందీకి 20 వస్తే ఉత్తీర్ణులైనట్టే. ఆ సడలింపు వెనుక సదుద్దేశం ఉండవచ్చు. కానీ ఏ సబ్జెక్టుకు ఎంత శ్రద్ధ పెట్టాలో పిల్లలు ఇలాంటి అంకెలను చూసే నేర్చుకుంటారు. తెలంగాణలో 2018లో వచ్చిన చట్టం తెలుగు బోధనను అన్ని బోర్డుల పాఠశాలలకూ తప్పనిసరి చేసింది కనుక, అక్కడ తెలుగును పూర్తిగా వదులుకునే వీలు పాఠశాల స్థాయిలో లేదు.

నా ఉద్దేశంలో పాఠ్యప్రణాళిక అసలు రూపం పుస్తకాల్లో కన్నా ప్రధానోపాధ్యాయుని గది గోడకు అంటించిన టైమ్‌టేబుల్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. జూన్‌లో బడి తెరవగానే, సాధారణంగా సీనియర్ గణితం మాస్టారు పెద్ద తెల్లకాగితం మీద గళ్లు గీసి, ఆరు రోజులకూ పీరియడ్లు పంచుతారు. ముందుగా పదో తరగతికి ఉదయం వేళ గణితం పడుతుంది. భౌతిక శాస్త్రం చెప్పేవారు ఒక్కరే ఉంటే వారి పేరు ఒకే సమయంలో రెండు సెక్షన్లలో పడకుండా గళ్లు సర్దుతారు. కాంపోజిట్ కోర్సు ఉన్న బడిలో ఆ పిల్లలు సంస్కృతం పాఠానికి వేరే గదికి వెళ్లాలి కాబట్టి, ఖాళీ గది, సంస్కృతం పండితులు రెండూ దొరికే పీరియడ్‌లోనే తెలుగు పెట్టాలి. సంస్కృతం చెప్పేవారు లేని బడిలో ఆ కోర్సు నిబంధనల్లో ఉన్నా పిల్లలకు లేనట్టే. ఒక ఐచ్ఛికం బతకాలంటే ఉపాధ్యాయుడు, గది, పీరియడ్ మూడూ కలిసి రావాలి.

చివరగా మిగిలిన గళ్లలో చిత్రలేఖనం, ఆటలు, గ్రంథాలయం, పని విద్య వచ్చి చేరతాయి. విలువల విద్య, కళా విద్య, పని మరియు కంప్యూటర్ విద్య, ఆరోగ్య వ్యాయామ విద్య అనే నాలుగూ పాఠ్యప్రణాళికలో అధికారికంగా ఉన్న రంగాలే, వాటికి గ్రేడ్లూ ఉన్నాయి. అయినా డిసెంబరు వచ్చేసరికి చాలా బడుల్లో పదో తరగతి ఆటల పీరియడ్ రివిజన్ పీరియడ్ అయిపోతుంది. ఏ పిల్లవాడికి బొమ్మలో చెయ్యి తిరుగుతుందో, ఏ అమ్మాయికి యంత్రం విప్పి చూడాలన్న ఆసక్తి ఉందో తెలిసే అవకాశం ఆ పీరియడ్లలోనే ఉంటుంది. వాటిని పరీక్షల కోసం తీసేసుకోవడం నాకు బాధ కలిగించే విషయం. కొన్ని ప్రభుత్వ పాఠశాలల్లో తొమ్మిదో తరగతి నుంచి ఐటీ, వ్యవసాయం, ఆరోగ్య సేవలు, దుస్తుల తయారీ వంటి వృత్తి విద్యా కోర్సులు నడుస్తున్నాయి. అవి ఉన్నచోట పిల్లలకు కాస్త ఊపిరి ఆడుతోంది. కాని చాలా బడుల్లో అవి లేవు.

ఇక ఇంటర్మీడియట్. పాఠశాల పదేళ్లు, ఇంటర్ రెండేళ్లు, డిగ్రీ మూడేళ్లు అనే పద్ధతిని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1969-70లోనే మొదలుపెట్టింది. అప్పటి నుంచి ఎంపిక మొత్తం పదో తరగతి గడప దగ్గరే పేరుకుపోయింది. ఎంపీసీ తీసుకుంటే ఇంజనీరింగ్, బైపీసీ తీసుకుంటే వైద్యం, వ్యవసాయం, ఫార్మసీ అని అందరికీ తెలుసు. ఎంఈసీ (గణితం, ఆర్థికశాస్త్రం, వాణిజ్యశాస్త్రం), సీఈసీ (పౌరశాస్త్రం, ఆర్థికశాస్త్రం, వాణిజ్యశాస్త్రం), హెచ్ఈసీ (చరిత్ర, ఆర్థికశాస్త్రం, పౌరశాస్త్రం) గ్రూపుల గురించి మాత్రం చాలా ఇళ్లలో మాటే రాదు. దీనికి కారణం పాఠశాల అమరికలోనే ఉంది. గణితం, సైన్సు పిల్లలకు అయిదేళ్లుగా పరిచయమున్న సబ్జెక్టులు, వాటికి పేరున్న ఉపాధ్యాయులు ఉన్నారు. చరిత్ర, పౌరశాస్త్రం, ఆర్థికశాస్త్రం మాత్రం సాంఘిక శాస్త్రం అనే ఒకే సబ్జెక్టులో కలిసిపోయి ఉంటాయి. వాణిజ్యశాస్త్రం అయితే ఆరు నుంచి పది వరకు ఎక్కడా సబ్జెక్టుగా కనిపించదు. జమాఖర్చుల పద్దు ఎలా రాస్తారో ఒక్కసారీ చూడని విద్యార్థి సీఈసీని ఇష్టపడి ఎలా ఎంచుకుంటాడు? అందుకే అది మార్కులు తక్కువ వచ్చినవారి గ్రూపు అనే ముద్ర పడింది. బీకాంకు, సీఏకు, అయిదేళ్ల న్యాయవిద్యకు ఆ దారిలో హాయిగా వెళ్లవచ్చని పిల్లలకు ఆలస్యంగా తెలుస్తుంది.

ఇంటర్‌లో ద్వితీయ భాష విషయమూ ఇంతే. అప్పటిదాకా తెలుగు చదివిన పిల్లలను మార్కులు సులువుగా వస్తాయన్న కారణంతో కాలేజీలు సంస్కృతం వైపు మళ్లిస్తున్నాయి. సంస్కృతం మీద ప్రేమతో తీసుకుంటే సంతోషమే. ఫారం నింపేటప్పుడు కాలేజీ వారే టిక్కు పెట్టేస్తే దాన్ని ఎంపిక అనలేం.

సీబీఎస్ఈ పద్ధతి కొంత భిన్నం. అక్కడ పదో తరగతి గణితంలో స్టాండర్డ్, బేసిక్ అని రెండు స్థాయిల పరీక్షలు ఉన్నాయి, పదకొండో తరగతిలో సబ్జెక్టులను గ్రూపుల గోడలు లేకుండా కలుపుకోవచ్చు. 2020 జాతీయ విద్యా విధానం కూడా ఆర్ట్స్‌కూ సైన్సుకూ మధ్య గట్టి గీత ఉండకూడదనే చెప్పింది. ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు 2025-26లో ఆ దిశగా అడుగు వేసింది. గణితం రెండు పేపర్లను ఒకటి చేసింది, వృక్షశాస్త్రాన్నీ జంతుశాస్త్రాన్నీ జీవశాస్త్రంగా కలిపింది, గణితమూ జీవశాస్త్రమూ రెండూ చదివే ఎంబైపీసీకి వీలిచ్చింది. ఇది నేను మనసారా స్వాగతించే మార్పు.

అయితే టైమ్‌టేబుల్ దగ్గర చెప్పుకున్న చిక్కు ఇక్కడా ఉంది. బోర్డు ఎన్ని ఐచ్ఛికాలు ప్రకటించినా, కాలేజీలో ఆ సబ్జెక్టు చెప్పే లెక్చరర్ ఉంటేనే అవి మీ పిల్లలకు దక్కుతాయి. కాబట్టి అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ఫీజు మాట ఎత్తకముందే, ఏయే ఐచ్ఛికాలు ఈ ఏడాది నిజంగా నడుస్తున్నాయో, వాటిని ఎవరు చెబుతున్నారో, వారానికి ఎన్ని పీరియడ్లు ఇస్తున్నారో అడగండి, వీలైతే టైమ్‌టేబుల్ చూపించమనండి. తొమ్మిదో తరగతి పిల్లలున్న తల్లిదండ్రులైతే పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో ఇంకొక మాట అడగవచ్చు: దగ్గరలోని జూనియర్ కాలేజీ నుంచి కామర్స్, ఎకనామిక్స్ లెక్చరర్లను పిలిచి, వారంలో ఒక పూట పిల్లలకు పాఠం చెప్పించగలరా అని. దానికి కొత్త పోస్టు అక్కరలేదు, ప్రధానోపాధ్యాయులు పూనుకుంటే చాలు.