మూసుకుపోయిన కెనాల్‌ను నావిగేషన్‌తో వెతకడం ఎలా?

నమస్తే. హన్మకొండలోని మా క్లినిక్ నుంచి మాట్లాడుతున్నాను. బీడీఎస్ అయ్యి కొత్తగా ప్రాక్టీసు పెట్టినవాళ్ళ కోసం ఈ వీడియో. కెనాల్ అంటే పంటి వేరు లోపల నరం ఉండే సన్నని దారి.

ముందు ఈ ఎక్స్‌రే చూడండి. పరకాల నుంచి వచ్చిన ఒక పెద్దాయన పై ముందు పన్ను ఇది. చిన్నప్పుడు సైకిల్ మీద నుంచి పడ్డారట. దెబ్బ తగిలినా ఒక్కోసారి నరం చావదు, లోపల డెంటిన్, అంటే పంటి గట్టి పదార్థం, పేర్చుకుంటూ పోతుంది. పన్ను పచ్చబడుతుంది, కెనాల్ గీత మాయమవుతుంది. నొప్పి, ఇన్ఫెక్షన్ లేకపోతే అలాంటి పన్ను జోలికి పోనక్కర్లేదు. కానీ ఈయనకు వేరు కొన దగ్గర నల్లమచ్చ ఉంది, చీము వస్తోంది.

మన ఊళ్ళలో అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని బోరు పాయింట్ చూస్తారు కదా! ఇలాంటి పంట్లో అంచనా మీద బర్, అంటే డ్రిల్ ముల్లు, దింపడమూ అంతే. బోరు ఎండితే డబ్బులు పోతాయి. ఇక్కడ వేరుకు పక్కన చిల్లు పడితే పన్నే పోవచ్చు.

అందుకే ముందు సీబీసీటీ, అంటే పళ్ళ త్రీడీ స్కాన్, తీయించాలి. ఆ స్కాన్ మీద సాఫ్ట్‌వేర్‌లో బర్ ఎక్కడ మొదలవ్వాలి, ఎటు వాలాలి, ఎంత లోతు దిగాలి అని గీసుకుంటాం. తర్వాత రోగికి ఒక ట్రాకర్, అంటే కెమెరా గుర్తుపట్టే గుర్తు, బర్ బిగించే హ్యాండ్‌పీస్‌కు ఒకటి. పైనున్న కెమెరా రెండింటినీ చూస్తూ ఉంటుంది, బర్ ఎక్కడుందో స్క్రీన్ మీద స్కాన్‌లో కనిపిస్తుంది. ఇదే నావిగేషన్. మూడు నాలుగు పళ్ళ మీద ట్రేసర్ అనే పరికరం కొనతో నెమ్మదిగా గీస్తే, నోటిలోని పన్నును స్కాన్‌లోని పన్నుతో సాఫ్ట్‌వేర్ కలుపుతుంది. పక్క పళ్ళకు మెటల్ క్యాపులుంటే స్కాన్‌లో చారలు పడతాయి, వాటి మీద గీయకండి.

ఇక్కడ కాస్త ఆగండి. డ్రిల్ ఆన్ చేయకుండా బర్ కొనను పంటి అంచుకు ఆనించండి. స్క్రీన్ మీద కూడా సరిగ్గా అక్కడే ఆనాలి. పక్క పంటి మీద మళ్ళీ చూడండి. ఒకసారి రోగి దగ్గినప్పుడు ట్రాకర్ కదిలింది, నేను గమనించలేదు. స్క్రీన్ మీద అంతా బాగానే ఉంది. అలవాటు కొద్దీ పంటికి ఆనించి చూస్తే స్క్రీన్ మీద బర్ గాలిలో తేలుతోంది! అర మిల్లీమీటరు తేడా అంటే చిన్నదేం కాదు, మనం వెతికే కెనాల్ అంతకంటే సన్నం. మళ్ళీ మొదటి నుంచి గీశాను. బర్ మార్చినా క్యాలిబ్రేషన్, అంటే బర్ కొన ఎక్కడుందో సాఫ్ట్‌వేర్‌కు చూపించడం, మళ్ళీ చేయాల్సిందే.

ఇప్పుడు డ్రిల్ చేద్దాం. కళ్ళు స్క్రీన్ మీద, చెయ్యి నోట్లో. మొదట్లో చాలా ఇబ్బందిగా ఉంటుంది, పీకిన పళ్ళ మీద సాధన చేయండి. కొంచెం దించి, తీసి, నీళ్ళు కొట్టి, మైక్రోస్కోప్‌లో చూడండి. నావిగేషన్ తిన్నని దారే చూపిస్తుంది. వేరు వంపు తిరిగే చోట బర్‌కు పని లేదు.

అనుకున్న లోతుకు వచ్చాం. ఇది 10 నంబర్ ఫైల్, కెనాల్‌లోకి దింపే సన్నని సూది లాంటి పరికరం, కొన మందం 0.10 మిల్లీమీటర్లు. మెల్లగా తిప్పుతున్నాను... ఆ, కెనాల్‌లో పట్టుకుంది. ఫైల్ అలాగే ఉంచి ఎక్స్‌రే తీద్దాం.