ఆరోగ్య రొట్టెతో స్వర్ణాల చెరువుకి: మా చెల్లి, ఎమ్మెస్, మా పెద్ద డాక్టర్ గారు | నెల్లూరు వ్లాగ్

అందరికీ నమస్తే అండి. ఇప్పుడు టైమ్ తెల్లవారుజామున నాలుగున్నర. మీకు వినిపిస్తున్న టకటక చప్పుడు మా పిన్ని వాళ్ల వంటింట్లోది, రొట్టెలు వత్తుతున్నారు. నెల్లూరులో రొట్టెల పండగ జరుగుతోంది. నేను ఒహాయో నుంచి వచ్చి పది రోజులైంది. ఎండెక్కకముందే చెరువుకి వెళ్లి వచ్చేయాలని ఇంత పొద్దున్నే లేచాం. మా చెల్లికి వేడి పడదు.

చెల్లి అంటే మా పిన్ని కూతురు, వయసు 34. తనకి మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉంది. ఎమ్మెస్ అంటారు. తను సరేనన్నాకే ఈ వీడియో తీస్తున్నాను. ముఖం వద్దంది, చేతులు చూపించు పర్లేదంది. చూడండి, కుడిచేత్తో కర్ర చకచకా తిరుగుతోంది. ఎడమచేతి వేళ్లు మాత్రం అర క్షణం వెనక వస్తున్నాయి. పిండి ముద్ద పక్కకి జారితే వేళ్లతో పట్టుకోకుండా మణికట్టు అడ్డం పెట్టి ఆపుతోంది. మా క్లినిక్‌లో దీనికి ఒక పరీక్ష ఉంది. తొమ్మిది చిన్న పుల్లల్ని తొమ్మిది రంధ్రాల్లో పెట్టి మళ్లీ తీయాలి, స్టాప్‌వాచ్‌తో టైమ్ చూస్తాం. ఏళ్ల తరబడి ఆ పరీక్ష పెట్టినదాన్ని కదా, రొట్టెలు వత్తుతుంటే కూడా నా కళ్లు ఆ వేళ్ల మీదే ఉన్నాయి.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం చెప్తున్నాను, నేను అక్కడ ఒక ఎమ్మెస్ క్లినిక్‌లో నర్సుని. సెలైన్‌లో మందు ఎక్కించే గదిలో నా డ్యూటీ. మా పెద్ద డాక్టర్ గారు, న్యూరాలజిస్ట్, మొన్న జూన్‌లో రిటైర్ అయ్యారు. ఆయన పేరు చెప్పను కానీ, ఈ జబ్బు గురించి నాకు తెలిసిన దాంట్లో సగం ఆయన దగ్గర విన్నదే.

అసలు ఎమ్మెస్ అంటే ఏంటో రెండు ముక్కల్లో చెప్తాను. కరెంటు వైరు మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది కదా, మెదడులో, వెన్నుపాములో నరాల మీద కూడా అలాంటి తొడుగే ఉంటుంది, మైలిన్ అంటారు. మనల్ని కాపాడాల్సిన రోగ నిరోధక వ్యవస్థే దాని మీద పడి అక్కడక్కడా తినేస్తుంది. ఎక్కడ తొడుగు పోతే అక్కడి పని దెబ్బతింటుంది. ఒకరికి కన్ను మసకబారుతుంది, ఒకరికి కాలు ఈడుస్తుంది, ఇంకొకరికి తిమ్మిర్లు. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య మొదలవుతుంది, ఆడవాళ్లలో ఎక్కువ.

దీన్ని ఒక ప్రత్యేకమైన జబ్బుగా గుర్తించి వివరించింది పారిస్‌లో జీన్-మార్టిన్ షార్కో అనే డాక్టర్, 1868లో. జబ్బు మళ్లీ మళ్లీ తిరగబెట్టకుండా తగ్గించే మొదటి మందు, ఇంటర్‌ఫెరాన్ బీటా, అమెరికాలో 1993లో వచ్చింది. మధ్యలో 125 ఏళ్లు! మా డాక్టర్ గారు 80ల్లో న్యూరాలజీలో చేరారు. అప్పుడు ఆయన చేతిలో ఉన్నది స్టెరాయిడ్ ఒక్కటే. అటాక్ వస్తే, అంటే జబ్బు తిరగబెడితే, దాన్ని చల్లార్చడానికే తప్ప, వచ్చే అటాక్‌ని ఆపడానికి ఏమీ లేదు. పాతికేళ్ల అమ్మాయికి జబ్బు పేరు చెప్పి, ఆమె "మరి మందేంటి డాక్టర్?" అని అడిగితే తల దించుకునేవాణ్ణని చెప్పేవారు.

93లో ఆ ఇంజెక్షన్ వచ్చినప్పుడు సరుకు చాల్లేదు. ఎవరికి ముందు ఇవ్వాలో లాటరీ తీశారు. ఆయన పేషెంట్లలో పేరు వచ్చినవాళ్లు ఏడ్చారట, రానివాళ్లూ ఏడ్చారట. రోజు విడిచి రోజు సూది, ఆ రాత్రంతా జ్వరం, ఒళ్లు నొప్పులు. అయినా జనం పొడుచుకున్నారు.

సరే, రొట్టెలు అయిపోయాయి, బయల్దేరాం. ఆటోలో బారాషహీద్ దర్గా దాకా వెళ్తున్నాం. తెలియనివాళ్ల కోసం: మొహర్రం సమయంలో ఇక్కడ పన్నెండుమంది వీరుల సమాధుల దగ్గర జనం చేరతారు. స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుని తింటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగం రొట్టె, ఆరోగ్య రొట్టె. వీసా రొట్టె కూడా ఉంది, మా ఇంట్లో నా కోసం అమ్మ తీసుకుంది. హిందువులు, ముస్లింలు అందరూ వస్తారు. చిన్నప్పటి నుంచి నాకు మా ఊళ్లో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

చెల్లికి మొదట పోయింది కన్ను. ఎడమకన్ను కదిపితే నొప్పి, ఎరుపు రంగు వెలిసిపోయినట్టు కనిపించేది. మూడు వారాల్లో దానంతటదే తగ్గింది. "తగ్గిపోయిందిగా" అని అందరూ ఊరుకున్నాం, నాతో సహా. ఏడాదికి నడుము నుంచి కింద తిమ్మిరి వచ్చి పోయింది. ఒక చోట బలానికి సూదులు వేశారు, ఇంకో చోట టెన్షన్ వల్ల అన్నారు. మూడేళ్లు అలా గడిచాక చెన్నైలో ఎమ్మారై తీస్తే మెదడులో మచ్చలు కనిపించాయి. వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేసి ఖాయం చేశారు. మా డాక్టర్ గారు కొత్తగా వచ్చే కుర్ర డాక్టర్లకి ఎప్పుడూ ఒకటే చెప్పేవారు: వచ్చి పోయిన లక్షణం గురించి అడగండి, పేషెంట్ దాన్ని మర్చిపోయి ఉంటుంది. ఆ మాట పది దేశాల వాళ్లకి నేనే చెప్పి ఉంటాను, మా ఇంటికి మాత్రం చేరవేయలేకపోయాను. అందుకే మీకు చెప్తున్నాను. కన్ను మసకబారి తగ్గినా, కాలు మొద్దుబారి తగ్గినా న్యూరాలజిస్ట్‌కి చూపించండి. తగ్గిందని వదిలేయకండి.

ఇప్పుడు తనకి ఆరు నెలలకోసారి రిటుక్సిమాబ్ అనే మందు ఎక్కిస్తున్నారు. దీని వెనక ఒక పెద్ద కథ ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టీఫెన్ హౌసర్ అనే న్యూరాలజిస్ట్ ఉన్నారు. ఎమ్మెస్‌లో తప్పంతా రోగ నిరోధక వ్యవస్థలోని టీ కణాలదేనని అందరూ అనుకుంటున్న రోజుల్లో, అదే వ్యవస్థలోని బీ కణాల హస్తం కూడా ఉందని ఆయన పట్టుబట్టారు. చాలామంది నమ్మలేదు. చివరికి 104 మంది పేషెంట్ల మీద రిటుక్సిమాబ్‌తో చేసిన పరీక్ష ఫలితాలు 2008లో వచ్చాయి. బీ కణాల్ని తగ్గిస్తే మెదడులో కొత్త మచ్చలు బాగా తగ్గాయి. ఆ దారిలోనే ఓక్రెలిజుమాబ్ 2017లో అమెరికాలో అనుమతి పొందింది. మొదటి నుంచీ మెల్లగా ముదిరే రకం ఎమ్మెస్‌కి అదే మొదటి మందు. దాని మొదటి డోసు మా గదిలో ఎక్కించిన రోజు నాకు బాగా గుర్తు. సగం డోసు ఆ రోజు, మిగతా సగం రెండు వారాలకి. గొంతులో దురద వస్తుందేమోనని సెలైన్ చుక్కల్ని మెల్లమెల్లగా పెంచుతూ కూర్చున్నాను. మా డాక్టర్ గారు ఆ రోజు మూడుసార్లు ఏ పనీ లేకుండా వచ్చి తలుపు దగ్గర నిలబడి వెళ్లారు.

ఇక్కడ మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ వాళ్లు 2007లోనే రిటుక్సిమాబ్‌ని తక్కువ ఖర్చులో తయారు చేశారు, క్యాన్సర్ కోసం. అలాంటివి ఉండబట్టే మా పిన్ని వాళ్ల లాంటి కుటుంబాలకి ఈ వైద్యం అందుతోంది.

జబ్బు ఎందుకొస్తుందన్న దానిలోనూ పెద్ద అడుగు పడింది. కోటి మందికి పైగా అమెరికా సైనికుల రికార్డులు, దాచిన రక్తం నమూనాలు చూసి, ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకాక ఎమ్మెస్ ముప్పు 32 రెట్లు పెరుగుతుందని 2022లో తేల్చారు. ఆ పని నడిపించిన అల్బెర్టో అస్కేరియోకి, హౌసర్‌కి కలిపి 2025లో బ్రేక్‌త్రూ ప్రైజ్ అనే పెద్ద సైన్స్ బహుమతి ఇచ్చారు. భయపడకండి, ఆ వైరస్ దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు సోకేదే. ఎమ్మెస్ వచ్చేది చాలా కొద్దిమందికి.

చెరువు దగ్గరికి వచ్చేశాం. మోకాళ్ల లోతు నీళ్లు. రెండేళ్ల కిందట ఇదే నీళ్లలో చెల్లి ఆరోగ్య రొట్టె తీసుకుంది. ఆ తర్వాత అటాక్ రాలేదు, ఎమ్మారైలో కొత్త మచ్చ లేదు. అందుకే ఈసారి ఇవ్వడానికి వచ్చింది. కందుకూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ చేయి చాపింది.

"నీకేం వచ్చిందే తల్లీ? బాగానే ఉండావుగా చూట్టానికి!"

"నరాల జబ్బమ్మా. మందు వాడుతుండా. నువ్వు రొట్టె తిను, మందు మటుకు మానబాక."

ఆ "బాగానే ఉండావుగా" అన్న మాట చెల్లి వెయ్యిసార్లు విని ఉంటుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో ఎమ్మెస్ ఒకటి. అయినా వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపు క్యూలో కూడా పక్కనున్నవాళ్లు తనని ఇదే అడిగారట.

ఏడున్నరకే ఎండ చుర్రుమంది. తిరిగి వచ్చేటప్పుడు ఆటో ఇంకా వంద అడుగులుందనగా చెల్లి కుడికాలు ఈడవడం మొదలైంది, చెప్పు మట్టిలో గీత గీస్తోంది. ఒళ్లు వేడెక్కితే తొడుగు పోయిన నరం సరిగ్గా పనిచేయదు. 1890లో జర్మనీ కంటి డాక్టర్ ఊటాఫ్ దీన్ని గమనించి రాశారు. ఇది కొత్త అటాక్ కాదు, చల్లబడితే సర్దుకుంటుంది. తడి టవల్ మెడ చుట్టూ వేశాను, చల్లనీళ్లు తాగించాను. ఇంటికి వచ్చి ఫ్యాన్ కింద ఇరవై నిమిషాలు కూర్చుంది. లేచి తనే వెళ్లి నాకు కాఫీ కలిపింది.

వచ్చే వారం చెన్నైలో తనకి డోసు ఉంది. పినాకిని రైల్లో ఇద్దరికీ టికెట్లు తీసుకున్నాను, నా సెలవు పొడిగించుకున్నాను. ఇన్నేళ్లుగా ఎవరెవరికో మందు ఎక్కిస్తూ పక్కన కూర్చున్నాను, చెల్లి పక్కన కూర్చోవడం ఇదే మొదటిసారి.