ఇంటికి కంప్యూటర్ కొన్నాం: లేబుల్ మీద నేను ఏం చూశానంటే | డల్లాస్ వ్లాగ్

హాయ్ అండీ, అందరూ బావున్నారా? ఈ రోజు ఇంటికి కంప్యూటర్ కొనడానికి బయల్దేరాం. మా ఆయన సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నారు, కానీ ఈసారి ఎంచుకునేది నేను. ఆయనకి ఆఫీసు లాప్‌టాప్ ఉంది. ఇంట్లోది వాడేది నేనూ, పాపా, ఇండియా నుంచి వచ్చినప్పుడు మామయ్యగారూ. వాడేవాళ్లే ఎంచుకోవాలని నా గట్టి నమ్మకం, టెక్నికల్‌గా ఏమీ తెలియకపోయినా సరే. కొంతమంది ఆఫీసు లాప్‌టాప్‌లోనే పిల్లల హోంవర్కు, ట్యాక్స్ పేపర్లు అన్నీ కానిచ్చేస్తుంటారు. దయచేసి అలా చేయకండి. అది కంపెనీ వస్తువు, ఉద్యోగం మారిన రోజు తిరిగి ఇచ్చేయాలి.

మా పాతది పాడవలేదండీ. అందులో విండోస్ 10 ఉంది, దానికి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 వేద్దామంటే ప్రాసెసర్ పాతది, ఒప్పుకోదు. బ్యాంకు పనులు చేసుకునే కంప్యూటర్‌కి అప్‌డేట్లు రాకపోతే నాకు టెన్షనే.

వెళ్లేముందు ఇంట్లో దానితో పనేంటో ఒక కాగితం మీద రాసుకున్నాను. పాప స్కూల్ వర్కు, ఈ వీడియోల ఎడిటింగ్, ఓసీఐ అప్లికేషన్లు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకి ఇండియా ఇచ్చే కార్డు కోసం). ఓసీఐకి ఫొటో చతురస్రంగా కత్తిరించాలి, సంతకం విడిగా స్కాన్ చేయాలి, డాక్యుమెంట్లు పీడీఎఫ్ చేసి సైజు తగ్గించాలి. ఫోన్లో చేసినవాళ్లకే తెలుస్తుంది ఆ అవస్థ. మామయ్యగారికేమో పొద్దున్నే ఈపేపర్ కావాలి, ఫోన్లో అక్షరాలు కళ్లకి ఆనవు. ఇంట్లో ఎవరూ గేమ్స్ ఆడరు కాబట్టి వేరే గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. ఆ ఒక్క మాటతోనే ఖరీదైనవి చాలా పక్కకి పోయాయి.

ఇదిగో, షాపులోకి వచ్చేశాం. ఈ లేబుల్ కొంచెం దగ్గరగా చూపిస్తాను. పెద్ద అక్షరాలతో 1 టీబీ అని ఉంది, ధర 300 డాలర్లలోపే. కింద చిన్న అక్షరాలు చదవండి: 128 జీబీ ఈఎంఎంసీ, ఏడాదిపాటు 1 టీబీ వన్‌డ్రైవ్. అంటే లాప్‌టాప్ లోపల ఫైళ్లు దాచుకునే చోటు 128 జీబీయే. ఆ 1 టీబీ వన్‌డ్రైవ్ ఏమో ఇంటర్నెట్‌లో చోటు, ఏడాది దాటితే డబ్బు కట్టాలి. పైగా ఈఎంఎంసీ అనేది చవకరకం స్టోరేజ్, ఎస్‌ఎస్‌డీ అనే మెరుగైన రకం అంత వేగంగా ఉండదు. ర్యామ్ 4 జీబీ. ఇదే విండోస్ 11కి కనీసం కావాల్సింది, దానితో ఆన్ అవుతుంది గానీ నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే ఆగిపోతూ ఉంటుంది. ర్యామ్ అంటే తెరిచిన పనులన్నీ అప్పటికి పెట్టుకునే చోటు, మన వంటగట్టు అనుకోండి. గట్టు ఇరుకైతే పండగ వంట సాగదు, అలమరలో, అంటే స్టోరేజ్‌లో, ఎంత చోటున్నా సరే. అందుకే నేను 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ అని ముందే గిరి గీసుకున్నాను. చాలా లాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించేసి ఉంటుంది, తర్వాత పెంచుకోవడం కుదరదు. లేబుల్ మీద ఎస్ మోడ్ అని ఉంటే కంగారు పడకండి. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో యాప్స్ మాత్రమే పడతాయని అర్థం. అందులోంచి బయటికి రావడం ఉచితం, కానీ మళ్లీ వెనక్కి వెళ్లలేం.

డిస్‌ప్లేలో పెట్టినవాటిని తప్పకుండా ముట్టుకుని చూడండి. నేను ఒక పేరా టైప్ చేశాను, తర్వాత పక్కకి జరిగి నిలబడి స్క్రీన్ చూశాను. పక్క నుంచి రంగులు వెలిసినట్టు కనిపిస్తే వదిలేయండి, ఇద్దరు కూర్చుని చూడలేరు. స్క్రీన్ 1920 బై 1080కి తగ్గకూడదు. హెచ్‌డీఎంఐ పోర్టు ఉందో లేదో కూడా చూశాను, ఉంటే టీవీకి తగిలించుకోవచ్చు.

డెస్క్‌టాప్ కాకుండా లాప్‌టాప్ తీసుకోవడానికి ఇండియా ప్రయాణం కూడా ఒక కారణం. పెద్దవాళ్లు ఒక్కొక్కరు ఒక లాప్‌టాప్ కస్టమ్స్ డ్యూటీ లేకుండా తీసుకెళ్లొచ్చు. ఛార్జర్ మీద 100-240 వోల్ట్స్ అని ఉంటే అక్కడి కరెంటుకీ సరిపోతుంది, పిన్ మారిస్తే చాలు.

చివరికి 15.6 అంగుళాలది, 649 డాలర్లకి కాస్ట్‌కో అనే మెంబర్‌షిప్ స్టోర్‌లో తీసుకున్నాం. ఇక్కడి 8.25 శాతం సేల్స్ ట్యాక్స్‌తో 702 దాటింది. ఆగస్టులో టెక్సాస్‌లో ట్యాక్స్ ఫ్రీ వీకెండ్ వస్తుంది కదా అని ఆగకండి, అది బట్టలకీ బ్యాగులకీ స్కూల్ సామాన్లకీ గానీ కంప్యూటర్లకి వర్తించదు. కాస్ట్‌కోలో వాపసుకి 90 రోజులుంటాయి, వారంటీ రెండేళ్లు వస్తుంది. అందుకే ప్రొటెక్షన్ ప్లాన్‌కి విడిగా డబ్బు పెట్టలేదు.

ఇంటికి రాగానే సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌కి వెళ్లి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు పెట్టేశాను. అమ్మ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలుగులో పడుతుంది, మామయ్యగారు హాయిగా రాసుకోవచ్చు. పాత కంప్యూటర్‌ని రీసైక్లింగ్‌కి ఇచ్చేముందు ఫొటోలన్నీ ఇందులోకి తెచ్చుకుని, దాన్ని పూర్తిగా చెరిపేయాలి. అది వచ్చే వీడియోలో స్క్రీన్ మీద చూపిస్తూ చేస్తాను. ఉంటానండీ, బై.