కంగారు పడకండి, గుండెకు హత్తుకోండి

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్న ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు నాకన్నా ఎక్కువ మంది పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు. మీకు ముద్దు చేయడం నేర్పడానికి రాలేదు. ఆ ముద్దులో వైద్యం ఎంతుందో చెప్పిపోతాను.

1978లో కొలంబియా రాజధాని బొగొటాలోని ప్రసూతి ఆసుపత్రిలో, పసికందుల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్లు చాలేవి కావు. ఒక్కోదానిలో ఇద్దరు ముగ్గురు పసికందుల్ని పడుకోబెట్టేవారు. ఒకరి జబ్బు మరొకరికి అంటుకునేది. అక్కడి డాక్టర్ ఎడ్గార్ రే దగ్గర సరిపడా యంత్రాలు లేవు, తల్లులున్నారు. నెలలు నిండని బిడ్డను తల్లి రొమ్ముల మధ్య, ఒంటికి ఒళ్ళు తగిలేలా నిలువుగా కట్టించారు. కంగారూ జంతువు పిల్లను పొట్ట సంచిలో మోసినట్టే కదా, అదే కంగారూ మదర్ కేర్. పేరు వినగానే మన తల్లులు నిజంగానే కంగారు పడతారు, అది వేరే సంగతి!

పేదవాళ్ళ సర్దుబాటు అని దీన్ని చాలాకాలం చిన్నచూపు చూశారు. తర్వాత భారత్‌తో సహా అయిదు దేశాల్లో పెద్ద పరిశోధన జరిగింది. 1 నుంచి 1.8 కిలోల లోపు బిడ్డల్ని, పరిస్థితి కుదుటపడే దాకా ఆగకుండా, పుట్టగానే తల్లి ఎదకు చేర్చారు. మొదటి 28 రోజుల్లో మరణాలు నాలుగో వంతు తగ్గాయి. 2021లో ఆ ఫలితాలు వచ్చాయి.

మన చర్మంలో కొన్ని నాడీతంతువులున్నాయి. సెకనుకు మూడు నాలుగు సెంటీమీటర్ల చొప్పున, మెల్లగా నిమిరితే అవి బాగా స్పందిస్తాయి. అమ్మమ్మ చెయ్యి మనవడి వీపు మీద ఇంచుమించు ఆ వేగంతోనే కదులుతుంది. ఎవరు చెప్పారు ఆవిడకు?

అలాగని అమ్మమ్మ చేసేదంతా ఒప్పని అనను. కాళ్ళు చాపుకొని, బిడ్డను వాటి మీద పడుకోబెట్టి నూనె రాయడం చక్కటి పని. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయడం, సాంబ్రాణి పొగ పట్టడం మాత్రం మాన్పించండి.

బిడ్డను కట్టేటప్పుడు తల ఒక పక్కకు తిప్పాలి, ముక్కు మూసుకుపోకూడదు. కాళ్ళు కప్పలా మడిచి, తలకు టోపీ పెట్టాలి. తల్లికి బాగోలేకపోతే తండ్రి ఛాతీ ఉంది. మా వార్డులో ఒకాయన చొక్కా గుండీలు విప్పడానికే పావుగంట సిగ్గుపడ్డాడు. గంట తర్వాత నర్సు బిడ్డను తీసుకోబోతే, మాట్లాడితే బిడ్డ లేస్తుందని కాబోలు, ఇంకాసేపు అని చేత్తోనే సైగ చేశాడు.